అడుగెరిగి కట్టిన ఓడలు – మన తీరపు మరచిన చరిత్ర



సావనీరు కోసం చరిత్ర మీద ఒక వ్యాసం వ్రాయమని సంఘ పెద్దలు కోరారు. చరిత్ర అనగానే సుల్తానులు, కోటలు, యుద్ధాలు గుర్తుకు రావడం సహజం. మేము మాత్రం ఈసారి ఓడల అడుగుభాగం గురించి వ్రాయదలచాము. కొత్తవలసలో సముద్రమే కనబడదు, మనకు ఓడలతో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. పని వుంది. మన జంక్షను నుంచి కిరండూలు దాకా 1960లలో వేసిన రైలు మార్గం ఓడల కోసం వేసినదే. బైలదిలా కొండల ఇనుప ఖనిజం ఆ పట్టాల మీద దిగి, మన వూరు దాటి, విశాఖపట్నం రేవులో ఓడలకెక్కి జపాను చేరాలన్నది ఆనాటి ఏర్పాటు. ఖనిజం మోసే ఓడలు నానాటికీ పెద్దవైపోయాయి. పాత రేవులో వాటికి లోతు చాలలేదు. అందుకే 1976లో బయటి హార్బరును ప్రారంభించారు. కాబట్టి ఒక ఓడ నీటిలో ఎన్ని అడుగులు మునుగుతుందనే లెక్క మన గుమ్మం ముందు నుంచే నడిచింది.

ఈ లెక్క రైళ్ళతో పుట్టినది కాదు. తెరచాప ఓడల కాలంలో మన తీరాన మనుషుల ప్రాణాలు, షావుకార్ల సరుకు, హాజీల ప్రయాణం అన్నీ దీని మీదనే ఆధారపడి వుండేవి. మన పూర్వులు ఆ లెక్కను ఎలా కట్టారో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. తెల్లదొరల పుస్తకాలు మన పడవలను మొరటువని, తీరు తెన్నూ లేనివని వ్రాశాయి. అది సరికాదని మా మనవి. ఆ పడవలకు అడుగు దూలం లేకపోవడం తెలియనితనం కాదు. అది బాగా తెలిసి చేసిన పని.

కీల్ అంటే ఏమిటి?

ముందు పిల్లలకు అర్థమయ్యేలా చెప్పుకుందాం. ఓడ అడుగున ముందు కొస నుంచి వెనక కొస దాకా ఒక పెద్ద దూలం వుంటుంది. దానినే ఇంగ్లీషువారు కీల్ అంటారు. పెంకుటింటికి వెన్నుగాడి పైన వుంటే, ఓడకు అది కింద వుంటుందన్నమాట. పక్కటెముకల వంటి వంపు కర్రలు దాని మీద నిలుస్తాయి. వాటికి పలకలు కొడతారు.

కీల్ చేసే పనులు మూడు. మొదటిది, ఓడను ఒక్క ముక్కగా పట్టి వుంచడం. రెండవది, గాలికి ఓడ పక్కకు జారిపోకుండా ఆపడం. దీనికి ఇంట్లోనే ఒక ప్రయోగం చేయవచ్చు. తొట్టినిండా నీళ్ళు పోసి, పిల్లవాడి పలకను నిలువుగా ముంచి, వెడల్పు వైపు నుంచి తోసి చూడండి. నీరు అడ్డుకుంటుంది. అదే పలకను అంచు వైపు తొయ్యండి, కత్తిలా కోసుకుపోతుంది. లోతైన కీల్ కూడా ఇంతే. ఓడను ముందుకు పోనిస్తుంది, పక్కకు పోనివ్వదు. అందుచేతనే తెరచాప ఓడ గాలికి కొంత ఎదురుగా కూడా ఏటవాలుగా ప్రయాణించగలదు. మూడవది, బరువు. కీల్ దగ్గర రాళ్ళో, ఇసుకో, సీసమో వేసి అడుగు బరువుగా వుంచితే, ఎటు తోసినా లేచి నిలబడే తంజావూరు బొమ్మలాగా ఓడ ఒరిగి మళ్ళీ నిలబడుతుంది.

ఇన్ని మేలులున్నప్పుడు అందరూ లోతైన కీల్ పెట్టుకోవచ్చు కదా? పెట్టుకోవచ్చు, అడుగున నీళ్ళుంటే! కీల్ ఎంత లోతు దిగితే ఓడకు అంత లోతు నీరు కావాలి. అది తగ్గిన చోట ఓడ ఇసుకెక్కుతుంది. చదునైన అడుగు గల పడవ ఇసుకెక్కితే పీట వేసుకున్నట్టు కూర్చుంటుంది. సన్నని కీల్ మీద నిలిచే ఓడ అలా కూర్చోలేదు. ఆటు వచ్చి నీరు తీసేకొద్దీ ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన వైపు నుంచి అలలు లోపలికి దూకుతాయి. ప్రతి అలా ఓడను కొంచెం ఎత్తి మళ్ళీ నేలకేసి కొడుతుంది. అలాంటి దెబ్బలు కొన్ని గంటలు పడితే ఎంత గట్టి టేకు దూలమైనా విడిపోవలసిందే.

ఇందులో ఇంకొక చిక్కు వుంది. అమావాస్యకు, పున్నమికి, అంటే మన చాంద్రమాన లెక్కలో నెల మొదటి రెండు తారీఖుల్లోను 14, 15 తారీఖుల దగ్గర, పోటు ఎక్కువగా వస్తుంది. సరిగ్గా ఆ పెద్ద పోటు మీద ఇసుకెక్కిన ఓడను మరునాటి పోటు లేపలేకపోవచ్చు. మళ్ళీ పక్షం రోజులు ఆగాలి. ఆ లోపల సముద్రం వూరుకుంటుందా? అందుకే అనుభవం గల నావికులు ఓడ నేల తగిలిన వెంటనే సరుకు దించడమో, కొంత సముద్రంలో పారేయడమో చేసి తేలిక చేస్తారు. చిన్న పడవలో లంగరును దూరంగా లోతునీటికి తీసుకుపోయి వేసి, దాని తాడు పట్టి ఓడను వెనక్కు లాగుతారు.

మన తీరం తీరు

ఇక మన తీరం సంగతి. మన బంగాళాఖాతపు ఒడ్డు చాలా వరకు నిడుపాటి ఇసుక ఒడ్డు. ఓడ దూరి దాక్కునే సహజమైన రేవులు తక్కువ. ఒడ్డుకు ముందు రెండు మూడు వరుసలుగా అలలు విరిగిపడుతుంటాయి. నదీ ముఖాల దగ్గర ఇసుక మేటలు అడ్డం పడతాయి. అవి ఒక్కచోట వుండవు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఇసుకను ఒడ్డు వెంబడే ఉత్తరానికి తోసుకుపోతాయి. నిరుడు దారి వున్న చోట ఈ ఏడు మేట వుంటుంది. పోటుకు, ఆటుకు మధ్య తేడా విశాఖపట్నం దగ్గర పెద్ద పోటు రోజుల్లో కూడా ఒకటిన్నర మీటరుకు అటూ ఇటూ మాత్రమే. ఇసుకెక్కిన పెద్ద ఓడను లేపడానికి సముద్రం చేసే సాయం అంతంత మాత్రమేనని దీనర్థం.

మచిలీపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, ఏది తీసుకున్నా పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా లోతునీటిలో లంగరు వేసేవి. అక్కడి నుంచి మనుషులు, సరుకు ఒడ్డు చేరాలంటే అలల వరుసలు దాటాలి. కీల్ గల ఇంగ్లీషు పడవను ఆ అలల్లోకి తెస్తే కీల్ నేలకు తగిలి, పడవ అడ్డం తిరిగి బోల్తా పడేది. దాటగలిగింది మన పడవలే. వాటిలో మొదటిది తెప్ప. నాలుగు దుంగలు తాళ్ళతో కట్టినదే తెప్ప. నీళ్ళు పైకొచ్చినా కిందికి జారిపోతాయి. అది మునగదు. తెరచాప ఎత్తినప్పుడు పక్కకు జారకుండా ఒక పలకను నీళ్ళలోకి దించేవారు. ఒడ్డు రాగానే పైకి లాగేసేవారు. కావలసినప్పుడు మాత్రమే వుండే కీల్ అన్నమాట! ఈనాడు షికారు పడవల్లో దించి ఎత్తే పలక పెడుతున్నారు గాని, ఆ ఆలోచన మన బెస్తవారికి ఎప్పుడో తెలుసు.

మేకు లేని పడవ

రెండవది మసులా పడవ. ఆ పేరు మచిలీపట్నాన్ని గుర్తు చేస్తుంది. మద్రాసుకు హార్బరు కట్టక ముందు గవర్నర్లు, దొరసానులు కూడా ఈ పడవలోనే ఒడ్డు చేరవలసి వచ్చేది. ట్రింకోమలీలో ఓడలు కట్టించే అధికారిగా పనిచేసిన జాన్ ఎడై అనే ఇంగ్లీషువాడు 1834లో మన తీరపు ఓడల మీద ఒక పెద్ద వ్యాసం ప్రచురించాడు. మసులా పడవ పొడవు 30 నుంచి 35 అడుగులు, వెడల్పు 10, 11 అడుగులు, లోతు 7, 8 అడుగులని అందులో కొలతలిచ్చాడు.

ఈ పడవకు కీల్ లేదు. పక్కటెముకలు లేవు. ఇనుప మేకు ఒక్కటీ లేదు. పలకలకు అంచుల వెంబడి రంధ్రాలు వేసి, కొబ్బరి పీచు తాడుతో ఒకదానికొకటి కుట్టేవారు. సందుల మీద గడ్డి పెట్టి, దాని మీదుగా కుట్టు వేసేవారు. అల కొట్టినప్పుడు పలకలు తోలు సంచిలా లొంగి మళ్ళీ మామూలుకు వస్తాయి. అడుగు నేలకు దబ్బున తగిలినా విరగదు. కుట్టు తెగితే మళ్ళీ కుట్టుకోవచ్చు. నీళ్ళు కారతాయి, నిజమే. తోడిపోయడానికి ఒక మనిషి ఎప్పుడూ వుండేవాడు.

ఇది మన పక్షపాతం కాదని చెప్పడానికి గట్టి సాక్షి ఒకరున్నారు. 14వ శతాబ్దంలో లోకమంతా తిరిగిన ఇబ్న్ బతూతా సాహెబ్ మాల్దీవుల గురించి వ్రాస్తూ, అక్కడి కొబ్బరి తాడుతోనే హిందుస్తాన్, యెమెన్ ఓడలను కుడతారని చెప్పాడు. కారణం కూడా చెప్పాడు. ఈ సముద్రంలో రాళ్ళు ఎక్కువ. మేకులు కొట్టిన ఓడ రాతికి తగిలితే పగిలిపోతుంది. తాడుతో కుట్టిన ఓడకు లొంగుడు వుంటుంది కనుక తట్టుకుంటుంది. దెబ్బ తగలనే తగలదని ధీమాగా కట్టిన ఓడ ఒక రకం. దెబ్బ ఎలాగూ తగులుతుందని ముందే ఎరిగి కట్టిన ఓడ ఇంకొక రకం. మన పెద్దలు కట్టినది రెండవ రకం.

కోరంగి దోనె

మూడవది సరుకు మోసే దోనె. తెల్లవారు ధోనీ అని వ్రాశారు. కాకినాడ దగ్గర కోరంగి ఈ ఓడలకు పెట్టింది పేరు. ఇదే ఎడై దొర దాని కొలతలు కూడా ఇచ్చాడు. పొడవు 70 అడుగులు, వెడల్పు 20, లోతు 12. అడుగున చదునైన భాగం నడిమధ్య 7 అడుగుల వెడల్పు వుండి, రెండు కొసలకు పోయేసరికి సన్నబడుతుంది. ఖాళీగా వున్నప్పుడు 4 అడుగుల నీరు చాలు. నిండుగా సరుకు వేస్తే 9 అడుగులు కావాలి. దొరగారికి దాని అందం నచ్చలేదు. హజ్రత్ నూహ్ అలైహిస్సలాం ఓడలా వుందని పోల్చాడు. ఆయన ఎగతాళికి అన్నాడో ఏమో గాని, మనకు అది గౌరవమే! ఆ ఓడ కూడా చివరకు జూదీ పర్వతం మీద నిలిచి, తనలో వున్నవారిని క్షేమంగా దించింది కదా.

ఆ కొలతల్లోని తెలివి చూడండి. 70 అడుగుల ఓడ 4 అడుగుల నీటిలో తేలుతుంది. మేట మీద చిక్కినా 7 అడుగుల పీట మీద నిటారుగా కూర్చుంటుంది. పోటు వచ్చేదాకా ఆగి, లేచి పోతుంది. దీనికీ లోపం వుంది. లోతైన కీల్ లేదు కనుక గాలికి ఎదురు నడవలేదు. గాలి అనుకూలించే నెలల్లోనే, ఒడ్డును కనిపెట్టుకొని ప్రయాణించాలి. ఎదురుగాలిని జయించడమా, నేలను తట్టుకోవడమా అన్నప్పుడు మనవాళ్ళు రెండవదానిని ఎంచుకున్నారు. గాలి మారేదాకా ఆగవచ్చు. నేల మాత్రం మారదు.

అలాగని మనవాళ్ళకు లోతు ఓడలు తెలియవని కాదు. 17వ శతాబ్దంలో గోదావరి పాయ మీద నరసాపురం, మాధవాయిపాలెం దగ్గర సముద్రాలు దాటే పెద్ద ఓడలు కట్టేవారు. యూరపువారు కూడా వచ్చి అక్కడ ఓడలు కట్టించుకున్నారు. కుతుబ్ షాహీల కాలంలో మచిలీపట్నం నుంచి ఎర్ర సముద్రపు రేవులకు ఓడలు నడిచేవి. హాజీలు వాటిలో వెళ్ళేవారు. యాత్రికులకు పంచడానికి సుల్తాను తరఫున బియ్యం ఆ ఓడల్లో పోయేదని, 1618 – 1622 మధ్య మచిలీపట్నంలో వున్న మెత్‌వోల్డ్ అనే ఇంగ్లీషు వర్తకుడు వ్రాశాడు. చలికాలపు ఈశాన్య గాలికి పోయి, నైరుతి గాలికి తిరిగి రావడం ఆ ప్రయాణాల పద్ధతి. లోతు సముద్రానికి లోతు ఓడ, ఒడ్డుకు కుట్టు పడవ. రెండూ కలిస్తేనే హజ్ యాత్ర పూర్తయ్యేది.

లోతు ఓడలకు మరమ్మతు కూడా ఒక సమస్యే. దోనెను ఒడ్డుకు లాగి ఆరబెట్టి, అడుగు గీకి, పురుగు పట్టిన పలక మార్చవచ్చు. పెద్ద కీల్ ఓడను అలా లాగలేరు. దానికి గోదీ కావాలి. 1802లో ఎబనేజర్ రోబక్ అనే ఆయన కోరంగిలో అలాంటి గోదీ కట్టించాడు. కలకత్తాకు ట్రింకోమలీకి మధ్య పెద్ద ఓడలకు మరమ్మతు జరిగే చోటు అదొక్కటే అని పేరుపొందింది. అయితే 1789లోను, మళ్ళీ 1839లోను వచ్చిన తుపాను వుప్పెనలు కోరంగిని ముంచెత్తాయి. అది చాలదన్నట్టు గోదావరి తెచ్చే ఒండ్రు మెల్లమెల్లగా ఓడల దారిని పూడ్చివేసింది. ఇప్పుడు అక్కడ మడ అడవులే ప్రసిద్ధి. బర్మాలో మాత్రం తెలుగువారందరినీ కోరంగీలనే పిలిచేవారు. రేవు పోయినా దాని పేరు సముద్రం దాటి నిలిచింది.

మువల్లిం, తండేలు

అక్బర్ కాలంలో అబుల్ ఫజల్ వ్రాసిన ఆయినె అక్బరీలో ఓడ మీద పనిచేసే వారి జాబితా వుంది. నాఖుదా అంటే ఓడకు యజమాని వంటివాడు. తండేలు ఖలాసీలకు పెద్ద. సర్‌హంగ్ ఓడను ఒడ్డుకు చేర్చే పని చూసేవాడు. పంజరీ కొయ్య మీదికెక్కి దూరం చూసేవాడు. గుమ్తీ నీళ్ళు తోడిపోసేవాడు. వీరందరిలో మువల్లిం పని వేరు. సముద్రంలో ఎక్కడ లోతు, ఎక్కడ మెరక అన్నది అతనికి తెలియాలి. నక్షత్రాల విద్య తెలియాలి. ఓడను అపాయంలో పడకుండా గమ్యం చేర్చే బాధ్యత అతనిది. బడిపంతులుకు, ఓడకు దారి చూపేవాడికి ఒక్కటే మాట కావడం మా వృత్తి వారికి సంతోషం కలిగించే సంగతి. సంతోషంతో పాటు కొంత భయం కూడా!

ఈ మాటలు పుస్తకాల్లో మిగిలిపోలేదు. శ్రీకాకుళం తీరంలో పడవకు పెద్దను ఈనాటికీ తండేలు అంటారు. ఆ పేరుతో 2025లో సినిమా కూడా వచ్చింది. సర్‌హంగ్ మన నోట సరంగు అయింది. చుక్కాని అరబ్బీ సుక్కాన్ నుంచి, లంగరు ఫార్సీ నుంచి వచ్చాయి. తెరచాప, ఓడ, తెడ్డు, తెప్ప మన తెలుగు మాటలే. ఏ భాషదో అడగకుండా పనికొచ్చిన మాటనల్లా పక్కపక్కన పెట్టి కుట్టుకున్నారు, పడవ పలకల్లాగానే.

1804లో విశాఖ ముంగిట

లోతు ఓడ మన తీరంలో ఎంత ఇబ్బంది పడేదో చెప్పే సంఘటన ఒకటి విశాఖపట్నం ఎదుటనే జరిగింది. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి అడ్మిరల్ లీన్వా మూడు యుద్ధ ఓడలతో వచ్చాడు. అతని ఓడ మారెంగోకు 74 ఫిరంగులు. అప్పుడు విశాఖ ఎదుట 50 ఫిరంగుల సెంచూరియన్ అనే ఇంగ్లీషు యుద్ధ ఓడ, బార్నబీ, ప్రిన్సెస్ షార్లట్ అనే రెండు వర్తక ఓడలు లంగరు వేసి వున్నాయి. బలాబలాలు చూస్తే సెంచూరియన్ గంటలో లొంగిపోవాలి. కాని అది ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువ నీటిలోకి జరిగింది. పెద్ద ఓడను అక్కడికి తెస్తే ఇసుకెక్కుతుందని ఫ్రెంచివారికి భయం. మారెంగో అడుగు దెబ్బతింటే బాగుచేసుకునే చోటు మారిషస్ దాకా లేదు. దూరం నుంచే కాల్చి, ప్రిన్సెస్ షార్లట్‌ను పట్టుకొని లీన్వా వెళ్ళిపోయాడు. సెంచూరియన్ బాగా దెబ్బతిన్నా దక్కింది.

మరి బార్నబీ? శత్రువుకు చిక్కకూడదని దాని కెప్టెను కావాలనే ఒడ్డుకెక్కించాడు. అలల్లో పడి అది విరిగిపోయింది. ఆ రోజు ఒక ఓడను లోతు తక్కువ నీరు కాపాడింది, ఇంకొక ఓడను అదే నీరు మింగింది. మసులా పడవలు రోజూ దాటే అలలే అవి!

మన జిల్లాలోనే ఇంకొక గుర్తు వుంది. పూసపాటిరేగ మండలం చింతపల్లి దగ్గర, పాత రికార్డుల్లో శాంతపిల్లి అని వ్రాసిన చోట, 1847లో లైట్‌హౌస్ కట్టారు. భీమునిపట్నం పోయే ఓడలకు అక్కడి సముద్రంలోని రాళ్ళ గురించి హెచ్చరిక చేయడమే దాని పని. అటువైపు వెళ్ళినప్పుడు పిల్లలకు తప్పక చూపించండి.

ఇస్‌హాఖ్ మదనీ దర్గా, ఒక దావా

విశాఖ పాత రేవు పక్కన కొండ మీద హజ్రత్ సయ్యద్ అలీ ఇస్‌హాఖ్ మదనీ వారి దర్గా మీలో చాలామంది చూసినదే. బ్రిటీషు హయాంలో పందొమ్మిదవ శతాబ్దంలో విశాఖపట్నం జిల్లా గురించి వ్రాసిన గ్రంథంలో ఈ దర్గా ప్రస్తావన వుంది. రేవులోకి వచ్చే ఓడ, పోయే ఓడ తన జెండాను మూడుసార్లు ఎత్తి దించి సలాము చేసేదట. ప్రయాణం క్షేమంగా ముగిస్తే హిందూ ఓడ యజమానులు చిన్న వెండి దోనెలు చేయించి దర్గాకు సమర్పించేవారట.

ఆ గ్రంథంలోనే ఒక దావా ముచ్చట వుంది. ఒక దోనెకు వైశ్య షావుకారు యజమాని, ముస్లిం నావికుడు సరంగు. సరుకు లెక్కలు కూడా సరంగే చూసేవాడు. తుపానులో చిక్కినప్పుడు సరంగు హజ్రత్ వారికి రూపాయల సంచి మొక్కుకున్నాడు. ఒడ్డు చేరాక చెల్లించానని చెప్పి ఆ సొమ్మును ఖర్చుల పద్దులో వేశాడు. షావుకారు ఒప్పుకోలేదు. విషయం కోర్టుకెక్కింది. షావుకారు వాదన ఏమిటో తెలుసా? మొక్కు మొక్కడం తప్పని కాదు. తుపానులో హజ్రత్‌ను వేడుకోవడం న్యాయమేనని ఆయన వినయంగా ఒప్పుకున్నాడు. మొక్కు చెల్లించనే లేదు, సొమ్ము కాజేశాడన్నదే ఆయన అభ్యంతరం.

మొక్కుబడుల విషయంలో మనలో మనకే వేరువేరు అభిప్రాయాలున్నాయి. ఆ చర్చ ఇక్కడ వద్దు. ఇందులో మాకు నచ్చినవి రెండు. ఒకటి, ఆ ఓడ మీద యజమాని మతం వేరు, సరంగు మతం వేరు, అయినా భయం ఒక్కటే, భరోసా ఒక్కటే. రెండవది, నమ్మకం వేరు, రశీదు వేరు! సంఘాలు నడిపేవారందరూ గుర్తుంచుకోదగిన మాట ఇది.

ఇప్పటి సంగతి

1933లో విశాఖపట్నం రేవు ప్రారంభమైంది. ఇసుక లోపలికి చేరకుండా రేవు నోటి దగ్గర రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి కావాలనే ముంచి, అలకట్టగా నిలిపారు. ఓడను నేలకు తగలకుండా కాపాడడానికి వేరే ఓడలను నేలకు దించారన్నమాట. అప్పటి నుంచి డ్రెడ్జర్లు ఇసుక తోడుతూనే వున్నాయి. పూర్వం నేలకు తగినట్టు ఓడను కట్టేవారు. ఇప్పుడు ఓడకు తగినట్టు నేలను తవ్వుతున్నారు. దీనివల్ల ఎన్నో వుద్యోగాలు వచ్చాయి, మన రైలు మార్గం వచ్చింది. అది కాదనలేము. అయినా సముద్రం పాత పాఠం మరచిపోలేదు. 2020 అక్టోబరులో వాయుగుండం గాలులకు 'ఎం.వి. మా' అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ లంగరు నిలవక, విశాఖ తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళ ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దేవుని దయవల్ల సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. ఓడ మాత్రం అక్కడే చిక్కుకుపోయింది.

లోతైన కీల్ గొప్పతనం కూడా మనవాళ్ళే చూపించారు. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా, 254 రోజుల్లో, ఆరుగురు నేవీ మహిళలు 'తారిణి' అనే తెరచాప ఓడలో భూమిని చుట్టి వచ్చారు. వారిలో విశాఖకు చెందిన స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య మన తెలుగు ఆడపిల్లలు. కొండలంత అలల్లో ఆ ఓడ ఒరిగి మళ్ళీ లేచిందంటే, అడుగున బరువైన కీల్ వుండబట్టే. అదే ఓడను భీమిలి ఒడ్డున ఇసుకలోకి తెస్తే పనికిరాదు. ఏ నీటికి ఆ అడుగు.

మా విన్నపం

1980ల నుంచి ఫైబరు పడవలు, ఇంజన్లు వచ్చాయి. బెస్తవారికి శ్రమ తగ్గింది, రాబడి పెరిగింది. దానికి విచారించవలసిన పని లేదు. కాని కుట్టు పడవ కట్టగల చేతులు తగ్గిపోతున్నాయి. పలక ఏ చెట్టుది, రంధ్రం ఎంత దూరంలో వెయ్యాలి, తాడు ఎన్ని పేటలు, కుట్టేటప్పుడు ఏ భాగాన్ని ఏమని పిలుస్తారు, ఇవి ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేవు. ముసలివారి నోటిలో వున్నాయి. వారితోనే పోతాయి. ఎడై దొర కొలతలు వ్రాసుకున్నాడు గాని, కట్టినవారి పేర్లు వ్రాయలేదు. అలల మీద ప్రాణాలొడ్డి మనుషులను దాటించిన తెడ్డు కూలీల పేర్లు కూడా ఎక్కడా లేవు.

కాబట్టి సంఘ సభ్యులకు ఒక విన్నపం. భీమునిపట్నం, పూడిమడక, కళింగపట్నం వైపు చుట్టాలు, స్నేహితులు వున్నవారు మనలో చాలామంది వున్నారు. ఈ వేసవి సెలవుల్లో పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళండి. ముసలి తండేలు ఎవరైనా వుంటే పక్కన కూర్చోండి. పడవ భాగాల పేర్లు అడిగి ఒక నోటుబుక్కులో వ్రాయించండి. తెలుగులో వ్రాసినా, ఉర్దూలో వ్రాసినా సరే. వచ్చే సంవత్సరం సావనీరులో వాటిని చెప్పినవారి పేర్లతో సహా అచ్చు వేద్దాం. దానికి ఖర్చు ఏమీ కాదు, కాస్త తీరిక చాలు.

అడుగున ఏముందో ఎరిగినవాడే ఓడను ఒడ్డు చేరుస్తాడు. ఆ ఎరుక మన పిల్లలకు కూడా కలగాలని, సముద్రం మీద బ్రతికే అన్నదమ్ములందరినీ అల్లాహ్ క్షేమంగా ఇంటికి చేర్చాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాము. ఆమీన్.